బెల్లం బస్తా ఎక్కిన బగ్గీ

ఒక బెల్లం బస్తాకు తల్లినని నేను సంతకం పెట్టాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే, పెళ్లి కాకముందే ఇదేం సంతకమని నవ్వుతుందో ఏడుస్తుందో తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను, ఆ రోజు పేజీలో కూడా "సంతకం పెట్టాను" అని మాత్రమే రాసుకున్నాను. దేనికి పెట్టానో రాయడానికి చేయి రాలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్ల కోసం ఇప్పుడు రాస్తున్నాను. నేనేమీ తలపండినదాన్ని కాదు. చేసింది పద్నాలుగు నెలల ఉద్యోగం. అందులో ఎక్కువ భాగం సొరుగులో పుస్తకం పెట్టుకుని, ఎవరూ రానప్పుడు చదువుకుంటూ గడిపాను. కానీ మూడు రోజులు మాత్రం నిజంగా ఉద్యోగం చేశాను. చెప్పేది ఆ మూడు రోజుల గురించే.

మాది జనగామ. డిగ్రీ అయ్యాక, ఒక రైసుమిల్లు యజమాని భూపాలపల్లి బయట పిల్లల ఆటల పార్కు పెడుతున్నాడని, ఆఫీసులో మనిషి కావాలని తెలిసి వెళ్లాను. జనగామలోని ఆయన మిల్లులోనే ఇంటర్వ్యూ. నా పేరు, ఊరు ఒక తెల్లకాగితం మీద రాయమన్నాడు. రాసిచ్చాను. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"అక్షరాలు ముత్యాలోలె ఉన్నయ్ బిడ్డా. భద్రతా అధికారివి నువ్వే," అన్నాడు.

పార్కు అనుమతి దరఖాస్తులో 'భద్రతా అధికారి పేరు' అని ఒక గడి ఖాళీగా ఉందట. నేను భౌతికశాస్త్రం చదివానని చెప్పాలనుకున్నాను. నోరు పెగల్లేదు. "సరే సార్" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో మొదటి పదకొండు నెలలు నేను ఎక్కువగా పలికిన మాట అదే.

మా సారుకు కాగితాల పిచ్చి. ఏదో ఒక పాత తగాదాలో ఒక కాగితం దొరక్క ఓడిపోయాడట. అప్పటి నుంచి "కాగితం లేకుండ నా జాగల కాకి గూడ వాలద్దు" అనేవాడు. పార్కులో పిల్లలు నడిపే బ్యాటరీ బగ్గీల కోసం నాలుగు పేజీల ఫారం తయారు చేయించాడు. పిల్ల పేరు, వయసు, బరువు, రక్తం గ్రూపు, ఉన్న రోగాలు, తల్లి సంతకం. అన్నిటికన్నా కింద, 'బండి భద్రంగా ఉందని ధ్రువీకరిస్తున్నాను' అని రాసి, భద్రతా అధికారి సంతకం. ఈ నియమానికి మినహాయింపు లేదు. ఒకసారి ఫొటో కోసం తానే బగ్గీలో కూర్చోవాల్సి వస్తే, తన పేరు మీద ఫారం నింపి, తల్లి సంతకం గడిలో ఎనభై దాటిన వాళ్లమ్మ వేలిముద్ర వేయించుకొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి మోకాళ్లు గడ్డానికి తగిలేలా అందులో కూర్చుని, "ఇప్పుడు తియ్యి ఫొటో" అన్నాడు.

ఆ ఫొటో తీసింది మహబూబాబాద్‌లో, బగ్గీలు అమ్మే దుకాణం ముందు. సారు, పార్కు మెకానిక్ చాచా, నేను కారులో వెళ్లాం. చాచా ముప్పై ఏళ్లు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. ఆయన ముందు బండిని చూసేవాడు కాదు, బండి కింద పడుకుని చూసేవాడు.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఎర్రది. ఎత్తైన చక్రాలు, ముందు ఆరు లైట్లు, హారన్ నొక్కితే పెళ్లి బ్యాండు మోత. సారు దాన్ని చూడగానే "రథం" అన్నాడు. రెండోది దుకాణం వెనక అట్టపెట్టెల మధ్య ఉంది. పాకుడు రంగు. నేలకు అతుక్కున్నట్టుండే సీటు, పక్కలకు చాచుకున్న చక్రాలు, తల మీద ఇనుప చట్రం. కప్ప కూర్చున్నట్టు ఉంది.

"గిది ఎవలకోసం తెచ్చినవయ్యా, ఎవలన్న కొంటరా?" అన్నాడు సారు.

"కొనరు సార్. ఒకటి కొంటె ఇంకోటి గిట్ల అంటగట్టిండ్రు నాకు," అన్నాడు దుకాణదారు నిజాయితీగా.

నేను రథం మీద చేయి పెట్టి ఊపాను. ఊగింది. చాచా కింద నుంచి తల బయటపెట్టి, "బేటీ, బెల్టు ఏడ బిగించిండ్రో జర అడుగు," అన్నాడు. అడగాలంటే నాకు గొంతు రాదు. బెల్టు వైపు వేలు చూపించాను.

"బెల్టా మేడం? గది షోకు. గీ బండి పడనే పడదు," అన్నాడు దుకాణదారు.

"పడకపోతె బెల్టెందుకు పెట్టినవ్ భాయ్?" అన్నాడు చాచా.

"పడ్డా ఏంగాదు, అందుకు."

సారు ఆ జవాబుకు సంతృప్తిగా తల ఊపాడు. రథం మా వెంట ట్రాలీలో భూపాలపల్లి వచ్చింది.

ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని మూడు పేజీలు రాశాను. సీటు ఎంత ఎత్తుంటే బండి అంత తేలిగ్గా తిరగబడుతుందని, చక్రాల మధ్య వెడల్పు ఎందుకు ముఖ్యమో, బెల్టు సీటు రేకుకు కాకుండా ఇనుప చట్రానికి ఎందుకు బిగించాలో, పెద్దవాళ్ల చేతిలో ఆపే రిమోట్ ఉన్నా పిల్లలు గరిష్ఠంగా ఎంత వేగంలో పోవాలో, బొమ్మలు గీసి మరీ రాశాను. పొద్దున సారు బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి పేజీ చూసి, "అక్షరం అంటె గిట్లుండాలె," అన్నాడు. తరువాత మూడు పేజీలనూ నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దోపాడు. బల్ల ఊగడం ఆగిపోయింది. నా రాతల వల్ల పార్కులో స్థిరపడిన మొదటి వస్తువు అదే.

ఆదివారం ప్రారంభం. బగ్గీలో మొదట కూర్చోబోయే పిల్ల కూడా నిర్ణయమైపోయింది. మా పార్కు ఊడ్చే అక్క పక్క తండా నుంచి వచ్చేది. ఆమెకు ఆరేళ్ల కూతురు. "ఊరి పిల్ల ఎక్కితె వీడియో మంచిగొస్తది," అని సారు చెప్పాడు. అక్క సంబరపడింది. పోయిన ఏడు ఆ పిల్లకు జ్వరం తలకెక్కి దవాఖానలో చాలా రోజులు ఉందని అందరికీ తెలుసు. ఇప్పుడు నలుగురి ముందు బండి నడుపుతుందంటే తల్లికి ఎంత గొప్ప!

పిల్ల మా గేటు దగ్గర మెట్ల మీంచి దూకుతుంటే నేను చూసేదాన్ని. చూసినప్పుడల్లా ఆ ఎర్ర బండి ఊగడమే కళ్లముందు కనబడేది.

గురువారం సారు హఠాత్తుగా, "బండిని పరీక్ష చేసినట్టు ఒక కాగితం ఉండాలె," అన్నాడు. పరీక్ష ఆయనకు అక్కర్లేదు, కాగితం కావాలి. నాకు కాగితం అక్కర్లేదు, పరీక్ష కావాలి. అట్లా మా ఇద్దరికీ మొదటిసారి ఏకాభిప్రాయం కుదిరింది.

"ఆ పిల్లనే కూసోబెట్టి తిప్పుదాం," అన్నాడు సారు.

నేను గట్టిగా తల అడ్డంగా ఊపాను. చాచా నా వైపు చూసి, "పరీక్షల పిల్లలెందుకు సార్? పిల్లంత బరువు ఏదన్న పెట్టి రిమోట్‌తోటి నడుపుదం," అన్నాడు.

పిల్లంత బరువు కోసం వెతికాను. సిమెంటు బస్తా ఉంది, అది పదో తరగతి పిల్లాడి బరువు. ఇసుక సంచి కుట్లు ఊడి కారిపోతోంది. ఆఫీసు గదిలోకి వస్తే మూలన స్టూలు మీద ఒక బెల్లం బస్తా కనబడింది. మీద సుద్దతో 'పంతొమ్మిది' అని ఉంది. ఆరేళ్ల పిల్లకు సరిగ్గా సరిపోయే బరువు. ఆదివారం పాయసానికి వంటాయన తెప్పించాడనుకున్నాను. ఎవరినైనా అడగవచ్చు. అడగాలంటే వంటగదిలోకి వెళ్లి, ఐదుగురు మగవాళ్ల ముందు నిలబడి, గొంతు సవరించుకోవాలి. అడగలేదు.

చిన్నవాళ్లారా, నా ఉద్యోగ జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు ఇది. బస్తా తీసినందుకు కాదు, అడగనందుకు.

ఫారం లేకుండా ఏదీ బగ్గీ ఎక్కకూడదు కాబట్టి, ఫారం నింపాను. పేరు: బెల్లం. బరువు: పంతొమ్మిది కిలోలు. రక్తం గ్రూపు: తెలియదు. రోగాలు: చీమలు పడతాయి. తల్లి సంతకం దగ్గర కాసేపు ఆగాను. ఖాళీగా వదిలితే సారు ఫారం వెనక్కి పంపుతాడు. గదిలో ఎవరూ లేరు. పెట్టేశాను. సారు కింద ఆమోదం రాసి, చదవకుండానే ఫైల్లో పెట్టేశాడు. బండి భద్రత గడిని మాత్రం పరీక్ష అయ్యాక నింపుదామని వదిలిపెట్టాను; చదవలేదు కాబట్టి అది ఆయన కంటపడలేదు.

బస్తాకు హెల్మెట్ పెట్టాం, బెల్టు బిగించాం. ఎండలో ఎర్ర బండి, అందులో నడుములేని ఒక బిడ్డ. చాచా రిమోట్ పట్టుకున్నాడు. చదును నేల మీద బండి బాగానే పోయింది. సారు చప్పట్లు కొట్టాడు. హారన్ దానంతట అదే బ్యాండు మోత మోగించింది. ఎర్రమట్టి, గులకరాళ్లు పోసిన మొరం దిబ్బ దగ్గర వంపు తిరగాలి. వంపులో లోపలివైపు చక్రాలు రెండూ గాలిలోకి లేచాయి. ఒక్క క్షణం అలాగే, ఆలోచిస్తున్నట్టు నిలబడి, బండి పక్కకు ఒరిగి తలకిందులైంది. బెల్టు సీటు రేకుతో సహా ఊడొచ్చింది. బస్తా ఎగిరి బండరాయి మీద పడి పగిలింది. హెల్మెట్ దొర్లుకుంటూ మా కాళ్ల దగ్గరికి వచ్చింది. బ్యాండు మోత మాత్రం ఆగలేదు.

అప్పుడే పనికి వచ్చిన అక్క గేటు దగ్గర చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది. పగిలిన బస్తా దగ్గర కూలబడింది. చిరిగిన గోనెను ఇటు తిప్పింది. అటువైపు, ముందు గోడకు, తరువాత సీటుకు ఆనించి ఉండటం వల్ల నాకు కనబడని వైపు, పసుపు బొట్లు, కుంకుమ బొట్లు.

"గిది నా బిడ్డ ఎత్తు," అంది అక్క.

ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లకు జబ్బు చేస్తే, నయమైతే పిల్ల ఎత్తు బెల్లం ఇస్తామని మేడారం అమ్మవార్లకు మొక్కుకుంటారు. త్రాసులో ఒకవైపు పిల్లను, ఒకవైపు బెల్లాన్ని పెట్టి తూస్తారు. ముందురోజే కూతుర్ని దుకాణంలో తూయించి, ఇంట్లో చీమలకు భయపడి, బస్తాను తెచ్చి మా ఆఫీసులో పెట్టిందట.

అక్క ఏడవలేదు. రాతి మీద చెల్లాచెదురైన ముద్దలను, దొర్లిన హెల్మెట్‌ను, తిరగబడిన బండిని వరసగా చూసింది. ఆమె ఏం చూస్తోందో నాకు అర్థమైంది.

సారుకు మాత్రం వేరేది అర్థమైంది. ఒక్క గెంతున చెప్పులు విడిచాడు. ఆయన్ను చూసి చాచా కూడా విడిచాడు. ఇద్దరూ కాలుతున్న మొరం మీద కాలు మార్చి కాలు వేస్తూ నిలబడ్డారు.

"ఎంత అపచారమైపాయె! మొక్కు బెల్లాన్ని కింద పడేస్తిమి!"

"బండిలనే తప్పున్నది సార్. పిల్ల కూసుంటె పిల్లనే పడుతుండె," అన్నాడు చాచా.

"పిల్లలంటె పడుతరు, లేస్తరు. గిది లేస్తదా?" అన్నాడు సారు.

ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను. ఎన్నిసార్లు చదివినా అందులో ఒక అక్షరం కూడా మార్చాలనిపించదు.

సారు ఒక అరగంట ఆలోచించాడు. కొబ్బరికాయ కొట్టించాడు. తప్పు బండిది కాదని తేల్చాడు. అమ్మవారి సొత్తును ఆటబండి ఎక్కించడం వల్లనే బండి తట్టుకోలేకపోయిందట. దీనికి ఆయన కనుక్కున్న భద్రతా చర్య ఏమిటంటే, ఒక బోర్డు. రేకు, ఎర్ర రంగు, కుంచె తెప్పించి, ఆఫీసు గదిలో బల్ల మీద నా ముందు పెట్టాడు.

"రాయి బిడ్డా, నీ అక్షరంతోటి. 'మొక్కు బెల్లం ఈ బండి ఎక్కరాదు' అని రాయి. మంచిగ పెద్దగ రాయి. ఆదివారం వీడియోల పడాలె."

కుంచె తీసుకున్నాను. అలవాటుగా "సరే సార్" అనబోయాను. వెనక అక్క ముద్దలను ఒక్కొక్కటే కొంగుతో తుడిచి పళ్లెంలో పెడుతోంది. తల ఎత్తకుండానే నాతో అంది, "ఒక్క మాట అడిగితె నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా చెల్లె?"

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే కదా. కుంచె రంగు డబ్బాలో పెట్టేశాను.

"సార్, గా బస్తా పంతొమ్మిది కిలోలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆదివారం గా సీట్ల కూసునే పిల్ల గూడ పంతొమ్మిది కిలోలే. త్రాసుల పెట్టి తూసిండ్రు. గక్కడ పగిలింది గామెనే."

సారు బల్ల మీద వేళ్లు ఆడించాడు. అక్క లేచి నిలబడింది. "నా బిడ్డను ఎక్కియ్య," అంది.

"సరే, నీ బిడ్డ ఒద్దు. ఊరి మీద పిల్లలే లేరా? ఇంకో పిల్లను చూస్తం," అన్నాడు సారు.

"ఏ పిల్ల ఎక్కినా ఫారం ఉండాలె గద సార్," అన్నాను.

"ఉండాలె. లేకుంటె కాకి గూడ వాలద్దు."

"ఫారం కింద నా సంతకం ఉండాలె గద."

"ఉండాలె."

"నేను పెట్ట సార్."

చాచా తలుపు దగ్గర ఉత్తి కాళ్లతోనే నిలబడి, ఎటో చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. సారు నన్ను పదకొండు నెలల్లో మొదటిసారి చూసినట్టు చూశాడు. తీసేస్తానంటాడనుకున్నాను. హాస్టల్ గదిలో ఏ పుస్తకాలు ఏ సంచిలో సర్దాలో కూడా ఆలోచించుకున్నాను. కానీ ఆయన ఫైలు తెరిచి దరఖాస్తులో నా పేరున్న గడి చూశాడు. ఇంకో పేరు రాయాలంటే కొత్త దరఖాస్తు, కొత్త ముద్ర, కొత్త అనుమతి. ఆదివారం మూడు రోజుల్లో ఉంది. నా మాటకు విలువ లేదు, నా చదువుకు విలువ లేదు. నా గడికి ఉంది.

మూడు పేజీల భౌతికశాస్త్రం బల్ల కోడు కింద ఉండగా, పార్కులో పిల్లలను కాపాడింది ఒక ఖాళీ గడి. దీని నుంచి మీరు నేర్చుకోవలసిన నీతి ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. పదవి మనకు ఎందుకిచ్చారన్నది వాళ్లిష్టం. కింద పెట్టే సంతకం మాత్రం మనదే. ఇంతవరకు నాకు తెలిసింది.

సారు ఫోన్ తీశాడు. "ఏమయ్యా, నీ దగ్గరి గా కప్ప ఇంకా ఉన్నదా? ఎవలన్న కొన్నరా?" అవతల దుకాణదారు ఆనందంతో ఏదో అరవడం వినిపించింది. "రథం ఎందుకొద్దంటె, గది మా దేవునికి పడలే. గంతే. కారణాలడుగకు."

శుక్రవారం కప్ప వచ్చింది. చాచా ఇసుకను రెండు గట్టి సంచుల్లో కుట్టి పంతొమ్మిది కిలోలు చేశాడు. అదే దిబ్బ, అదే వంపు. పన్నెండు సార్లు తిప్పాం. పడలేదు. పదమూడోసారి బురదలో ఇరుక్కుంది. "గిది పడదు బేటీ, పడాలంటె లేవాలె గద ముందుగాల," అన్నాడు చాచా. బెల్టును రెండు చేతులా పట్టి గుంజాడు. చట్రంతో పాటు బండి మొత్తం కదిలింది గానీ బెల్టు రాలేదు. చక్రాల పక్కన పిల్లల చేతులు దూరే సందులకు రేకులు బిగించాడు. వేగం మీట ఎప్పటికీ పైకి పోకుండా అడ్డంగా ఒక బోల్టు వేశాడు.

అక్క, నేను కలిసి బెల్లాన్ని మళ్లీ తూయించాం. మట్టి అంటిన ముద్దలు తీసేస్తే కొంత తగ్గింది. తగ్గినంత నేను కొని కలిపాను. అక్క కొత్త గోనెకు మళ్లీ పసుపు, కుంకుమ పెట్టింది. ఈసారి నాలుగు వైపులా పెట్టింది. దారిలో సంచి ఒక చెవి నాకిచ్చి పట్టుకోమంది.

ఆదివారం జనం బాగానే వచ్చారు. ఎవరి పిల్ల మొదట ఎక్కాలా అని సారు అటూ ఇటూ చూస్తుంటే, అక్క తనే కూతుర్ని చేయి పట్టుకుని తెచ్చింది. ముందు వంగి బండి కింద చూసింది. బెల్టు లాగి చూసింది. నా మొహం చూసింది. తరువాత ఫారంలో తల్లి సంతకం దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. కింద నేను పెట్టాను.

పిల్లకు హెల్మెట్ పెట్టి బెల్టు బిగించాం. సారు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ చక్రం కింద పెట్టాడు. కప్ప ఆ నిమ్మకాయ ఎక్కడానికే చాలాసేపు తీసుకుంది. జనం ఈలలు వేశారు. పిల్ల మొదటి సగం చుట్టు కళ్లు పెద్దవి చేసుకుని, పెదవి కొరుక్కుంటూ నడిపింది. మొరం దిబ్బ వంపు వచ్చింది. నా పక్కన అక్క నా మోచేయి పట్టుకుంది, గోళ్లు దిగేలా. కప్ప వంపు తిరిగింది. ఒక్క చక్రం లేవలేదు. మిగతా సగం చుట్టులో ఒక కుక్క బండి పక్కనే నడుస్తూ వచ్చి, విసుగు పుట్టి ముందుకు వెళ్లిపోయింది.

బండి నా ముందు ఆగింది. వంగి బెల్టు తీయబోతుంటే పిల్ల హెల్మెట్ లోంచి నన్ను చూసింది. ఆ తరువాత ఆ పిల్లతో నాకు మాట్లాడే సందర్భం రాలేదు. అప్పుడు మాత్రం మొహం చిట్లించుకుని, వెనక వరసలో నిలబడ్డ పిల్లలందరికీ వినబడేంత గట్టిగా అడిగింది:

"అక్కా, గిది నడిసినంత గూడ పోతలేదు. నేను దిగి ఉరుకనా?"